13 అంగుళాల ఫైబర్‌గ్లాస్ స్పిన్నర్ కిట్: బిగించి 60 గంటలు ఎగిరాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్ కొనుక్కోవచ్చు. స్పిన్నర్ అంటే ప్రొపెల్లర్ మధ్యభాగాన్ని కప్పుతూ దాంతోపాటే తిరిగే శంకువు లాంటి టోపీ, దాని పై డిప్పే డోమ్. డోమ్ బాగుంది, రెండు ప్లేట్లూ గట్టిగా ఉన్నాయి, నా విమానం ముక్కున 60 గంటలుగా ఏ గొడవా లేకుండా తిరుగుతోంది. కానీ స్పిన్నర్ బిగించడంలో అసలు పని ఒకటుంది, డోమ్ మొన సరిగ్గా క్రాంక్‌షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇంజిన్ ఇరుసు) మధ్యగీత మీదకు వచ్చేలా కూర్చోబెట్టడం. దాని గురించి మాన్యువల్‌లో రాసింది ఒకే ఒక్క వాక్యం. డోమ్‌ను మధ్యకు సరిచూసుకుని బెజ్జాలు వేయండి, అంతే. ఎలా సరిచూసుకోవాలి, దేంతో కొలవాలి, ఎంత తేడా ఉంటే పర్వాలేదు, ఏమీ లేదు. ఆ వాక్యాన్ని నమ్ముకుని నేను ఒకసారి తప్పుగా బెజ్జాలు వేశాను, పూడ్చాను, మళ్లీ మొదటికొచ్చాను. రెండు రోజుల్లో అయిపోతుందనుకున్న పని మూడు వారాంతాలు తినేసింది. కొత్తగా తెప్పించుకునేవాళ్లకు ఆ తిప్పలు తప్పాలని ఇంత వివరంగా రాస్తున్నా.

నాది కిట్ తెచ్చి కట్టుకున్న రెండు సీట్ల లో-వింగ్ విమానం. ఇంజిన్ లైకమింగ్ ఓ-320, 160 హార్స్‌పవర్. రెండు బ్లేడ్ల మెటల్ ప్రొపెల్లర్, ఫిక్స్‌డ్ పిచ్, అంటే బ్లేడ్ కోణం మారదు. బ్లేడ్ కోణం మారే కాన్‌స్టాంట్ స్పీడ్ ప్రొపెల్లర్ ఉన్నవాళ్లకు బ్లేడ్ కోతల దగ్గర, అంటే బ్లేడ్లు బయటికి రావడానికి డోమ్‌ను కోసే చోట, లెక్క మారుతుంది, ఆ చోటు వచ్చినప్పుడు చెబుతాను. మిగతాదంతా దాదాపు ఒకటే.

పెట్టె విప్పితే ఫైబర్‌గ్లాస్ డోమ్, ప్రొపెల్లర్ వెనక కూర్చునే బ్యాక్ ప్లేట్, ముందు కూర్చునే ఫ్రంట్ ప్లేట్, నట్ ప్లేట్లు (స్క్రూ దిగడానికి ప్లేట్ అంచుకు రివెట్ చేసే నట్‌లు), వాటికి రివెట్లు, 8-32 సైజు స్క్రూలు, వాటి తలకాయల కింద వేసే గిన్నె వాషర్లు, బ్లేడ్ వెనక సందు మూయడానికి రెండు అల్యూమినియం ముక్కలు ఉన్నాయి. డోమ్‌ను ఎండలోకి తీసుకెళ్లి వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాను. గుడ్డ అల్లిక అంతా ఒకేలా ఉంది, ఎక్కడా గాలి బుడగ కనపడలేదు, మందం కూడా చుట్టూ ఒకటే. మొన దగ్గర మాత్రం సూదిమొన అంత చిల్లులు నాలుగైదు ఉన్నాయి, అవి ప్రైమర్ వేసేటప్పుడు పూడిపోయేవే. నాణేంతో చుట్టూ తట్టి చూస్తే ఎక్కడా బోలు శబ్దం రాలేదు. పొరలు విడిపోయి ఉంటే అక్కడ చప్పుడు బొదబొదమంటుంది, తేడా చెవికి వెంటనే తెలుస్తుంది. ప్లేట్ల అంచు మడత శుభ్రంగా ఉంది, మడత దగ్గర పగుళ్లు లేవు. ఈ మూడింటికీ పూర్తి మార్కులు.

స్క్రూలు రెండు తక్కువ వచ్చాయి. అది పర్వాలేదు. గిన్నె వాషర్లు మాత్రం 8 నంబరువి బదులు 6 నంబరువి వచ్చాయి, స్క్రూ అందులో దూరనే దూరదు. కంపెనీకి ఫొటో పెట్టి రాస్తే వారం దాకా జవాబు లేదు, మళ్లీ రాశాక క్షమాపణ చెప్పి సరైనవి పంపారు. పంపారు కాబట్టి దాని మీద ఇంకేమీ అనను. కానీ పెట్టె వచ్చిన రోజే ప్రతి చిన్న ముక్కనూ చేతిలో పట్టుకుని సరిచూసుకోండి. ఎపాక్సీ కలిపేశాక వాషర్ సరిపోలేదని తెలిస్తే చాలా చిరాకు.

మొన మధ్యకు రావడం గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, లెక్క చూడండి. ఈ ఇంజిన్ పూర్తి వేగం నిమిషానికి 2700 చుట్లు, అంటే సెకనుకు 45. డోమ్ వెనక అంచు మధ్యనుంచి ఆరున్నర అంగుళాల దూరంలో తిరుగుతుంది. అక్కడ పడే బలం భూమి ఆకర్షణకు సుమారు 1,345 రెట్లు. మూడు గ్రాముల స్క్రూ అక్కడ నాలుగు కిలోల బరువై బయటికి లాగుతుంది. ఒక స్క్రూ బదులు కాస్త పొడవైనది పెట్టినా ఆ మేరకు బ్యాలెన్స్ మారుతుంది. డోమ్ విషయానికొస్తే, అర కిలో ఉందనుకుందాం, దాని బరువు కేంద్రం ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 40 న్యూటన్ల బలం పుడుతుంది. నాలుగు కిలోల బరువు ఇంజిన్ ముక్కును పట్టుకుని సెకనుకు 45 సార్లు చుట్టూ లాగుతున్నట్టే. ఆ అదురు ముందు డోమ్ స్క్రూ బెజ్జాలను తింటుంది, తర్వాత ప్లేట్ అంచుకు పగుళ్లు తెస్తుంది, ఆ పైన కౌలింగ్ (ఇంజిన్ మీది మూత), బాఫిల్స్ (ఇంజిన్ చుట్టూ గాలిని మళ్లించే రేకులు), ఎగ్జాస్ట్ దాకా పోతుంది. స్పిన్నర్ పగిలి గాల్లో ఊడితే ముక్కలు ఎగిరొచ్చేది మన వైపే. అందుకే దీన్ని అందం కోసం పెట్టుకునే టోపీలా చూడొద్దని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు నేను చేసిన తప్పు. మొదటి వారాంతం బల్ల మీద బ్యాక్ ప్లేట్ పెట్టి, దాని మీద డోమ్ బోర్లించి, డోమ్ వెనక అంచు నుంచి కొలుచుకుంటూ చుట్టూ గీత గీశాను. ఆ గీత మీద 90 డిగ్రీలకొకటి చొప్పున నాలుగు బెజ్జాలు వేసి క్లీకోలు (బెజ్జంలో దూరి ముక్కలను తాత్కాలికంగా పట్టి ఉంచే క్లిప్పులు) పెట్టాను. బల్ల మీద చూడటానికి ముచ్చటగా ఉంది. విమానానికి పెట్టి తిప్పితే గుండె జారిపోయింది. మొన గాల్లో సున్నా చుడుతోంది, ఇటు చివర నుంచి అటు చివరకు దాదాపు నాలుగు మిల్లీమీటర్లు. కారణం ఆ రాత్రి దొరికింది. ఫ్యాక్టరీలో కోసిన డోమ్ వెనక అంచు చదునుగా లేదు, అద్దం మీద బోర్లిస్తే ఒక పక్క రెండు మిల్లీమీటర్ల సందు. 330 మిల్లీమీటర్ల వెడల్పుకు రెండు మిల్లీమీటర్ల వాలు అంటే కంటికి ఏమీ అనిపించదు, కానీ డోమ్ పొడవుకు ఆ వాలు మొనను దాదాపు రెండు మిల్లీమీటర్లు పక్కకు నెడుతుంది, తిప్పితే అది రెట్టింపై కనపడుతుంది. కాబట్టి ఈ కిట్ తీసుకునేవాళ్లకు నా మొదటి మాట: డోమ్ అంచును నమ్మొద్దు. కొలతలన్నీ తిరిగే క్రాంక్‌షాఫ్ట్ నుంచే రావాలి. మాన్యువల్‌లో ఉండాల్సిన వాక్యం ఇది.

అదృష్టం ఏమిటంటే నేను మొదట 40 నంబరు బిట్‌తోనే, అంటే సుమారు రెండున్నర మిల్లీమీటర్లతోనే వేశాను. పైగా బ్లేడ్ కోతలు ఇంకా కోయలేదు. అందుకని డోమ్‌ను కాస్త తిప్పి, ఎదురెదురుగా ఉన్న రెండు పాత బెజ్జాలు రేపు కోసి పారేసే బ్లేడ్ కోతల్లోకి వచ్చేలా చూసుకున్నాను. మిగతా రెండింటి చుట్టూ లోపలి వైపు పల్చగా గీకి, గ్లాస్ గుడ్డ రెండు పొరలు, ఎపాక్సీలో కాటన్ ఫ్లాక్స్ (దూది పీచు) కలిపిన ముద్ద పెట్టి పూడ్చాను. బ్యాక్ ప్లేట్ అంచులో పడ్డవాటిని 3/32 అంగుళాల రివెట్లతో మూసేశాను, కొత్త బెజ్జాలు వాటికి తగినంత దూరంగా పడేలా చూసుకుని. ఒకేసారి పెద్ద బిట్ పెట్టి ఉంటే ఈ రెండూ కుదిరేవి కావు.

రెండో వారాంతం చేసిన పద్ధతి ఇదీ. ప్రొపెల్లర్ ఉండగా కోతలు లేని డోమ్ లోపలికి పోదు కదా, అందుకని ప్రొపెల్లర్ తీసేసి దాని హబ్ (మధ్యభాగం) ఎంత మందమో సరిగ్గా అంత మందం ప్లైవుడ్ దిమ్మ చేయించాను, బోల్టు బెజ్జాలతో సహా. దిమ్మ రెండు ముఖాలూ సమాంతరంగా లేకపోతే ఫ్రంట్ ప్లేట్ ఒక పక్కకు వాలుతుంది, మళ్లీ మొదటి కథే. కాబట్టి క్యాలిపర్‌తో నాలుగు చోట్ల కొలిచి, తేడా ఉన్నచోట ఎమెరీ పేపర్‌తో రుద్ది, నాలుగు కొలతలూ కలిసేదాకా వదల్లేదు. ఎక్స్‌టెన్షన్ (క్రాంక్‌షాఫ్ట్‌కూ ప్రొపెల్లర్‌కూ మధ్య ఉండే ముక్క) మీద బ్యాక్ ప్లేట్, దాని మీద దిమ్మ, దాని మీద ఫ్రంట్ ప్లేట్, బోల్టులు.

తిప్పే ముందు ఇంజిన్ జాగ్రత్తలు. మాగ్నెటోలు (స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు ఇచ్చేవి) ఆఫ్, తాళం చెవి నా జేబులో, ప్రతి సిలిండర్‌కూ పైనున్న స్పార్క్ ప్లగ్ తీసేశాను. చక్రాలకు అడ్డం పెట్టి తోక కట్టేశాను. ప్లగ్‌లు తీస్తే కంప్రెషన్ ఉండదు, చేత్తో మెత్తగా తిరుగుతుంది, కావాల్సిన చోట ఆగుతుంది. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా మాగ్నెటో గ్రౌండ్ వైరు తెగి ఉంటే ఇంజిన్ ఒక్క దెబ్బ కొట్టగలదు, కాబట్టి ఈ ఒక్క విషయంలో ఏ తొందరా పెట్టుకోకండి.

తర్వాత డోమ్ పెట్టి, మొనకు ఎదురుగా నేల మీద బరువైన స్టాండుకు పెన్సిల్ బిగించాను, మొనకు వెంట్రుకవాసి దూరంలో. డోమ్ మొన మీద అచ్చులోంచి వచ్చిన చిన్న బొడిపె ఉంది, దాన్ని మధ్య అనుకోకండి, అదీ కాస్త పక్కకే ఉంది. మొనకు నాలుగు వేళ్ల వెనక, గుండ్రంగా ఉన్న భాగానికి ఇంకో సూచీ పెట్టాలి. నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి, ఎక్కడ దగ్గరవుతోందో అక్కడ పెన్సిల్ గుర్తు, అక్కడ డోమ్‌ను బొటనవేలితో కొంచెం నొక్కడం, మళ్లీ తిప్పడం. డోమ్ కదలకుండా వెనక అంచున నాలుగు చోట్ల మాస్కింగ్ టేప్. నాకు దాదాపు గంటన్నర పట్టింది. చిన్నప్పుడు బొంగరం నిద్రపోయిందనేవాళ్లం కదా, తిరుగుతోందో ఆగిందో తెలియనట్టు, సరిగ్గా కుదిరినప్పుడు డోమ్ మొన అలా కనపడుతుంది. చేత్తో తిప్పుతున్నా మొన నిలబడిపోయినట్టు ఉంటుంది. కొలిస్తే మొత్తం తేడా ఒక మిల్లీమీటరు లోపే.

అప్పుడు గీత. స్టాండు పెన్సిల్‌ను డోమ్ పక్కకు జరిపి, క్రాంక్ తిప్పుతూ గీత గీస్తే అది అసలైన గుండ్రం, డోమ్ అంచుతో దానికి సంబంధం లేదు. గీత ఎక్కడ గీయాలో తెలియడానికి ఒక చిట్కా ఉంది, ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చింది ఇదే. డోమ్‌కు రంగు వేయక ముందు గది చీకటి చేసి, బ్యాక్ ప్లేట్ వెనక ఉన్న బెజ్జాల్లోంచి చిన్న టార్చ్ వెలిగిస్తే, డోమ్ మొత్తం కాగితపు దీపంలా వెలుగుతుంది, దాంట్లో ప్లేట్ అంచు నల్లటి పట్టీలా స్పష్టంగా కనపడుతుంది. ఫ్రంట్ ప్లేట్ కూడా పైన సన్నటి నీడ గీతలా తెలుస్తుంది. డోమ్ అంచుకు పట్టీ సమానంగా లేదని అప్పుడు కళ్లారా చూశాను, ఒక పక్క మందంగా, ఇంకో పక్క పల్చగా. పట్టీ మధ్యలో గీత గీసుకుంటే స్క్రూ ఎక్కడ దిగుతుందో అన్న అనుమానమే లేదు. కాబట్టి ముందే ప్రైమర్ కొట్టేయకండి.

ఫ్రంట్ ప్లేట్ గురించి విడిగా చెప్పాలి. ఈ కిట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చనిది ఇదే. ప్లేట్ అంచు వాలుకూ డోమ్ లోపలి వాలుకూ పొంతన కుదరలేదు. ప్లేట్ అంచు ముందువైపు మాత్రమే డోమ్‌ను తాకుతోంది, వెనకవైపు గోరు దూరేంత సందు. అలాగే స్క్రూలు బిగిస్తే ఏమవుతుందంటే, స్క్రూ ఆ సందులోకి డోమ్‌ను లాగుతుంది, ఫైబర్‌గ్లాస్ లోపలికి వంగి అక్కడే పగలడం మొదలవుతుంది. కంపెనీని అడిగితే స్క్రూలు బిగిస్తే సర్దుకుంటుంది అన్నారు. ఆ సలహా తప్పు. ఫ్రంట్ ప్లేట్ అసలు పని డోమ్ మొన వైపు ఊగకుండా పట్టి ఉంచడం, అది సగం తాకి సగం తాకకపోతే ఆ పని చేయలేదు. నేనేం చేశానంటే, డోమ్ లోపల ఆ చోటంతా ప్యాకింగ్ టేప్ ముడతలు లేకుండా అతికించి, దాని మీద మైనం రాశాను, ఎపాక్సీ అంటుకోకుండా. ప్లేట్ అంచును ఎమెరీ పేపర్‌తో గరుకు చేసి, ఎపాక్సీ, ఫ్లాక్స్ కలిపిన ముద్దను నెయ్యి పేరుకున్నంత చిక్కగా చేసి అంచు చుట్టూ పూశాను. డోమ్ పెట్టి, మళ్లీ మొన సరిచూసి, టేపులు వేసి, ఒక రాత్రంతా కదపకుండా వదిలేశాను. మర్నాడు డోమ్ బయటికి లాగితే టక్‌మని ఊడింది. ప్లేట్ అంచు మీద డోమ్ లోపలి రూపమే అచ్చుపడింది, టేప్ అతుకు గీతలతో సహా. ఇప్పుడు డోమ్ పెడితే చివరి వేలెడు దూరం గాలి బయటికి తోసుకుంటూ మెత్తగా కూర్చుంటుంది, ఎటూ ఊగదు. బ్యాక్ ప్లేట్‌కు ఇంత అవసరం పడలేదు, ఒక్క చోట పల్చటి పూత సరిపోయింది.

ఈ పని చేస్తే కిట్ మీద మీ అభిప్రాయమే మారిపోతుంది. చేయకపోతే 20 గంటల్లో పగుళ్లు వచ్చాయని ఈ కిట్‌నే తిడతారు.

బెజ్జాల దగ్గర ఎక్కువ చెప్పడానికేం లేదు. 40 నంబరుతో మొదలుపెట్టి, ప్రతి బెజ్జానికీ క్లీకో పెట్టి, ఒకటి వేశాక దానికి ఎదురుది వేస్తూ పోవాలి, వరసగా చుట్టూ వేస్తే డోమ్ మెల్లగా ఒక పక్కకు జరిగిపోతుంది. ప్రతి రెండు బెజ్జాలకూ ఒకసారి మొన తిప్పి చూశాను. అన్నీ కుదిరాక 30 నంబరు, ఆ తర్వాత స్క్రూకు సరిపడా 19 నంబరు, అది సుమారు 4.2 మిల్లీమీటర్లు. ఫైబర్‌గ్లాస్‌లో బిట్ పదునుగా ఉండాలి, డ్రిల్ వేగం ఎక్కువ, చేతి బలం తక్కువ. మొద్దు బిట్ అవతలి వైపు పొరను చీల్చుకుంటూ బయటికొస్తుంది. స్క్రూ తలకాయకు కౌంటర్‌సింక్ (తల కూర్చునే గుంత కోసే కట్టర్) 100 డిగ్రీలది వాడాలి, ఎందుకంటే విమాన స్క్రూల తల కోణం అదే. ఇంట్లో ఉన్న 82 లేదా 90 డిగ్రీల కట్టర్‌తో కోస్తే స్క్రూ తల అంచు మీద మాత్రమే ఆని, బలమంతా ఒక సన్నటి గీత మీద పడుతుంది. గిన్నె వాషర్ తప్పకుండా వేయండి. వేయకపోతే స్క్రూ తల ప్రతి బిగింపుకీ ఫైబర్‌లోకి కొంచెం కొంచెం దిగుతూ పోతుంది. నట్ ప్లేట్లు మాత్రం మంచి సరుకు. చేత్తో స్క్రూ తిప్పితే రెండు చుట్ల తర్వాత గట్టిగా పట్టుకుంటుంది, అదురుకు వదులవకుండా కాపాడేది ఆ పట్టే. ఎప్పుడైనా చేతి వేళ్లతోనే స్క్రూ చివరిదాకా తిరిగిపోతే ఆ నట్ ప్లేట్ అయిపోయినట్టే, మార్చేయాలి.

ఫైబర్ రజను గురించి ఒక మాట. కోసేటప్పుడు మాస్క్, కళ్లద్దాలు, చేతులకు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా. ఊపిరితిత్తులకు మంచిది కాదు, చర్మానికి తగిలితే రోజంతా దురద. వెనకనుంచి వాక్యూమ్ పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటే ఇంకా మంచిది.

బ్లేడ్ కోతలు మూడో వారాంతం. కిట్‌లో ఇచ్చిన కాగితం నమూనా నా ప్రొపెల్లర్‌కు సరిపోలేదు, బహుశా ఎవరికీ పూర్తిగా సరిపోదు, బ్లేడ్ మొదలు ఆకారం ఒక్కో ప్రొపెల్లర్‌కు ఒక్కోలా ఉంటుంది. అట్టముక్కతో నా బ్లేడ్ చుట్టూ నేనే నమూనా చేసుకుని, మొదట చాలా ఇరుకుగా కోసి, డోమ్ పెట్టి, ఒరుసుకున్న చోట పెన్సిల్ పెట్టి, తీసి, రుద్ది, మళ్లీ పెట్టి, అలా కనీసం పదిహేను సార్లు. చివరికి బ్లేడ్ చుట్టూ నాలుగైదు మిల్లీమీటర్ల సందు ఉంచాను. బ్లేడ్ ఎగిరేటప్పుడు కొంచెం వంగుతుంది, డోమ్ కూడా కొంచెం కదులుతుంది, రెండూ తాకితే మెటల్ బ్లేడ్ మీద గీత పడుతుంది, బ్లేడ్ మీద గీత అంటే పగులుకు పునాది. కాన్‌స్టాంట్ స్పీడ్ వాళ్లు బ్లేడ్‌ను ఫైన్ పిచ్ నుంచి కోర్స్ పిచ్ దాకా పూర్తిగా తిప్పి చూసి గానీ చివరి కొలత నిర్ణయించకూడదు. కోత మూలలు ఎప్పుడూ గుండ్రంగా ఉండాలి, పదునైన మూల ఉంటే పగులు అక్కడే పుడుతుంది. బ్లేడ్ వెనక సందు మూసే అల్యూమినియం ముక్కలు చాలామంది అందం కోసమనుకుని వదిలేస్తారు. కోతతో బలహీనపడ్డ డోమ్ అంచును రెండు పక్కలా పట్టుకుని ఉండేవి అవే. ఈ కిట్‌లో అవి మంచి మందంతో ఇచ్చారు, వాడండి.

కౌలింగ్‌కూ స్పిన్నర్‌కూ మధ్య సందు ఆరు మిల్లీమీటర్లు పెట్టాను, అదే మందం ప్లైవుడ్ ముక్కలు మధ్యలో పెట్టి కౌలింగ్ బిగించాను. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి స్టార్ట్ చేసినప్పుడూ ఆపేటప్పుడూ ఎటుపడితే అటు ఊగుతుంది, సందు తక్కువైతే బ్యాక్ ప్లేట్ వెళ్లి కౌలింగ్‌ను చెక్కేస్తుంది. ఆ రబ్బర్లు కాలం గడిచేకొద్దీ అణిగిపోయి ఇంజిన్ ముక్కు కొంచెం దిగుతుంది, అందుకని కొత్తలో స్పిన్నర్ కౌలింగ్ కంటే రవ్వంత ఎత్తుగా ఉండేలా కూర్చోబెట్టడం మంచిది. నేను రెండు మిల్లీమీటర్లు ఎత్తు పెట్టాను, 60 గంటలకు దాంట్లో సగం దిగింది.

ప్రొపెల్లర్ మళ్లీ ఎక్కించాక బోల్టులు ప్రొపెల్లర్ తయారీదారు చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించి, అవి వదులవకుండా సేఫ్టీ వైర్ వేశాను. బ్యాక్ ప్లేట్, ఫ్రంట్ ప్లేట్ రెండూ అదే బోల్టుల మధ్య నలిగి ఉంటాయి కాబట్టి ఇంజిన్ మొదటిసారి నడిపాక టార్క్ మళ్లీ చూసుకోవాలి. చెక్క ప్రొపెల్లర్ అయితే గాలిలో తేమ మారినప్పుడల్లా చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది, వాళ్లు ఇంకా తరచుగా చూడాలి, అంటే స్పిన్నర్ కూడా తరచుగా విప్పాలి. అందుకే డోమ్ మీద, ప్లేట్ మీద, హబ్ మీద ఒకే వరసలో గుర్తులు పెట్టుకోండి, ప్రతిసారీ అదే స్థానంలో తిరిగి పెట్టడానికి. బయట రంగు వేసినా లోపల గుర్తు ఉండేలా చూసుకోండి.

రంగు పల్చగా, చుట్టూ సమానంగా. మొన చుట్టూ ఫిల్లర్ ఎక్కువ పెట్టకండి. నేను పూడ్చిన రెండు బెజ్జాల దగ్గర ఉబ్బు లేకుండా రుద్దాను, ఇప్పుడు అవి ఎక్కడున్నాయో వెతికినా కనపడవు.

డైనమిక్ బ్యాలెన్స్, అంటే ఇంజిన్ తిరుగుతుండగా అదురు కొలిచి సరిచేయడం, చేయించాను. అదురును సెకనుకు ఎన్ని అంగుళాలని కొలుస్తారు, సాధారణంగా 0.07 లోపు వస్తే బాగున్నట్టే. డోమ్ లేకుండా నాకు 0.14 వచ్చింది, డోమ్ పెట్టాక 0.16. అంటే డోమ్ తెచ్చిన తేడా అతి తక్కువ. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూసినప్పుడు మూడు వారాంతాల అలసట పోయింది. బ్యాక్ ప్లేట్ మీద వాషర్లు చేర్చాక 0.05కు దిగింది. నిజం చెప్పాలంటే నాకు అన్నిటికన్నా సంతోషం అనిపించింది ఆ చివరి అంకె కాదు, మొదటి రెంటి మధ్య తేడానే.

ఎగిరాక సంగతి. మొదటి పది గంటలు ప్రతి ఫ్లైట్ తర్వాతా డోమ్ విప్పి చూశాను. చూడాల్సింది స్క్రూలూ రివెట్ల చుట్టూ నల్లటి మసి. అది నూనె కాదు, వదులైన చోట అల్యూమినియం ఒరుసుకుని రాలిన పొడి. నాకు ఫ్రంట్ ప్లేట్ దగ్గర అస్సలు రాలేదు, బ్యాక్ ప్లేట్‌లో ఒక నట్ ప్లేట్ రివెట్ దగ్గర కొంచెం కనపడింది, ఆ రివెట్ మార్చాను, మళ్లీ రాలేదు. 30 గంటల దగ్గర ఒక బ్లేడ్ కోత మూలలో వెంట్రుకంత గీత కనపడి టెన్షన్ పడ్డాను. రంగు గీకి భూతద్దంతో చూస్తే గీత రంగులోనే ఆగిపోయింది, గుడ్డ పొర దాకా పోలేదు. ఆ మూలలో ఫిల్లర్ మందంగా పడిందని అర్థమైంది. ఫిల్లర్ తీసేసి, మూలను ఇంకొంచెం గుండ్రం చేసి, పల్చగా రంగు వేశాను. 60 గంటలకు మళ్లీ చూశాను, ఏమీ లేదు. ఇప్పుడు ఎగిరే ముందు ప్రతిసారీ స్క్రూలు లెక్కపెట్టడం, డోమ్ మొన పట్టుకుని కదిపి చూడటం, కోతల మూలల మీద బొటనవేలు పోనివ్వడం, ఇంతే, ఒక నిమిషం పని.

ఇదే తీసుకోవాలా, అల్యూమినియం డోమ్ తీసుకోవాలా అని చాలామంది అడుగుతారు. అల్యూమినియం పాలిష్ చేస్తే అద్దంలా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ దాంట్లో తప్పు బెజ్జం పడితే పూడ్చి కనపడకుండా చేయడం చాలా కష్టం, సొట్ట పడితే తీయలేం, టార్చ్ వెలిగించి లోపల ప్లేట్ చూసే సదుపాయం కూడా ఉండదు. మొదటిసారి స్పిన్నర్ బిగించేవాళ్లకు ఫైబర్‌గ్లాసే నయం. రెండో విమానం కడుతుంటే అల్యూమినియం ఆలోచిస్తాను.

మీరు ఇదే కిట్ తెప్పించుకుంటే డోమ్ వెనక అంచును ఫ్యాక్టరీలో కోయకుండా, అచ్చులోంచి వచ్చింది వచ్చినట్టుగా పొడుగ్గా పంపమని అడగండి. నేను రెండోసారి రాసినప్పుడు అలా పంపగలమనే చెప్పారు. ప్లేట్ నీడ చూసుకుని అంచు మీరే కోసుకుంటే మొదటి రోజే నేరుగా ప్లైవుడ్ దిమ్మ దగ్గర మొదలుపెట్టొచ్చు.